పూలకుండీల బల్ల కోసం రంపం

జూలై 28, ఆదివారం

అంగన్‌వాడీ రిజిస్టర్లు తప్ప నేను రాసేదేముంది? మా సూపర్‌వైజర్ గారు ఎప్పుడో ఇచ్చిన ఈ డైరీ బీరువాలో పడుంది. ఇవాళ జరిగింది ఎవరికీ చెప్పుకోలేక తీశాను.

గడపకి అటొక చెక్క, ఇటొక చెక్క వాలుగా వేసి ఈయన కుర్చీని బయటికి తోద్దామనుకున్నాను. తెలివితేటలు నావే, ఇంకెవరినీ అనడానికి లేదు. తలుపు తీస్తే లోపల ఉన్నది నాలుగడుగుల చోటు, ఆ వెనక మెట్ల గోడ, పొడుగు చెక్క వేయడానికి లేదు. ముందు చక్రాలు గడప ఎక్కాయి. "ఎక్కిందండీ!" అని అరిచాను కూడా. అంతే, నా కాలు జారింది, చెక్క జారింది, కుర్చీ వెనక్కొచ్చి ఈయన తల గోడకి ఠంగుమని తగిలింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలోనే ఉంది.

మనిషి అరవలేదు. తిట్టలేదు. "చాల్లే" అన్నాడు.

మార్చిలో ఈయన లారీ మీద మిర్చి టిక్కీ బస్తాలకి తాడు బిగిస్తూ పడినప్పటి నుంచీ నడుము కింద స్పర్శ లేదు. సరే, దానికి ఏడ్చాం, అయిపోయింది. కానీ మా ఊళ్ళో సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసి వేసి అది మా అరుగు ఎత్తుకి వచ్చేసింది. మెట్టన్నది లేదు. ఆ రోడ్డుకీ ఈయనకీ మధ్య ఉన్నది ఒక్క గడప. అయిదంగుళాల ఎత్తు, నాలుగంగుళాల వెడల్పు. నిన్న టేపు పెట్టి కొలిచాను.

ఆగస్టు 2, శుక్రవారం

పొద్దున్నే గడపకి పసుపు రాస్తున్నాను. ఈ ఇంట్లోకి వచ్చిన ఇరవై ఏడేళ్ళలో ఒక్క శుక్రవారం మానలేదు, పురుటి రోజులు తప్ప. ఈయన కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. రేపు గుంటూరులో డాక్టరుకి చూపించాలి కదా, నలుగురిని పిలిచి కుర్చీ ఎత్తిస్తానన్నాను.

"నన్ను నలుగురు మోసేది ఇంక ఒక్కసారే పార్వతీ. అప్పటిదాకా ఎవర్నీ పిలవమాక" అన్నాడు.

మజ్జిగలోకి ఉప్పు అడిగినంత మామూలుగా అన్నాడు! పసుపు గిన్నె చేతిలోంచి జారి అరుగంతా దొర్లింది. తుడుచుకుంటూ కూర్చున్నాను. తుడుస్తూ తుడుస్తూ గడప వంక చూస్తే ఒక ఆలోచన వచ్చింది. రాయను. రాస్తే కళ్ళు పోతాయి.

ఆగస్టు 3

కోసేస్తే?

ఆగస్టు 4, ఆదివారం

అడిగేశాను. నాలుగు నెలల్లో మొదటిసారి ఈయన గొంతు వీధి చివరిదాకా వినపడింది. "గడప మీద రంపం పెడతావా? నేను బతికుండగా దాని మీద చెయ్యేశావంటే చూడు!" అన్నాడు.

ఆ అరుపుకి ఎదురింట్లోంచి పిచ్చమ్మ వదిన పరిగెత్తుకొచ్చింది. ఈయనకి అక్క. నేను అంగన్‌వాడీ సెంటరుకి వెళ్ళాక మధ్యాహ్నాలు అన్నం పెట్టేది ఆవిడే, కాబట్టి ఎదురు చెప్పలేను. "ఎంతకి తెగించావే! గడప తెంచితే ఇంటాయన మీదకొస్తది. నీ పసుపుకుంకాలు నువ్వే కోసుకున్నట్టు. ఇంకా ఏం మిగిలిందని ఈ కొంపలో?" అని వీధి గుమ్మంలో నిలబడి దులిపేసింది.

"ఏదో మాటవరసకన్నాను వదినా" అన్నాను. నిజంగా మాటవరసకే.

ఆగస్టు 7, బుధవారం

మాటవరసకే అయినా, ఇద్దరు వడ్రంగుల్ని అడిగి చూశాను.

మా ఊరి అయూబ్ దగ్గర కరెంటు రంపం ఉంది. గడప అనేసరికి దణ్ణం పెట్టేశాడు. "మా ఇంట్లో నెలలు నిండినయ్యి అక్కా. ఇంకేదన్నా పని చెప్పు, ఊరికే చేస్తా" అన్నాడు. తరవాత పెదకాకాని నాగూర్ వలి బాబాయ్‌కి ఫోన్ చేశాను. మా ద్వారబంధం చేసి నిలబెట్టింది ఆయనే. డెబ్భై దాటాయి, ఇప్పటికీ కొట్టం కింద కూర్చుని పని చేస్తూనే ఉన్నాడు.

"ముహూర్తం పెట్టి, కొబ్బరికాయ కొట్టించి, నాకు కొత్త పంచెలచాపు పెట్టి నిలబెట్టించుకున్నారు తల్లీ. నిలబెట్టింది నా చేత్తో నేను తియ్యను. నమాజు చేసుకునేవాడివి, నీకెందుకయ్యా ఈ పట్టింపు అంటావేమో. ఇది పని పట్టింపు" అన్నాడు.

సరే, వదిలేశాను. ఆ ఆలోచనే మానేశాను.

అరుగు మీద పూలకుండీలు చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటికి ఒక చిన్న బల్ల చేద్దామనుకుంటున్నాను. చేతికి పనుంటే మనసు కుదుటపడుతుంది. దానికి ఒక రంపం కొనాలి.

ఆగస్టు 11, ఆదివారం

గుంటూరు వెళ్ళి ఇనుప సామాన్ల కొట్లో అడిగాను. అబ్బో, ఇన్ని రకాలుంటాయని నాకేం తెలుసు! పొడుగువి, పొట్టివి, వీపు మీద ఇనుప బద్ద ఉన్నవి, ఈటెలా కొనతేలినవి. కొట్టతను "మేస్త్రి ఏం చెప్పాడమ్మా?" అన్నాడు. "మేస్త్రి లేడు, నాకే" అన్నాను. నన్ను కిందనుంచి పైదాకా చూశాడు.

"ఏం కొయ్యాలి?"

"తుమ్మ" అని నోరు జారింది.

"నల్లతుమ్మా? ఎంత మందం?"

"నాలుగు వెడల్పు, అయిదు ఎత్తు."

"ఏం చేస్తారమ్మా దాంతో?"

"పూలకుండీల బల్ల" అన్నాను.

ఏనుగులు కూర్చుంటాయా దాని మీద అన్నట్టు చూసి, పద్దెనిమిది అంగుళాల రంపం ఇచ్చాడు. పెద్ద పళ్ళు, పసుపు ప్లాస్టిక్ పిడి. ఇంటికి తెచ్చి బల్ల సంగతి ఈయనతో చెప్పాను. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. రంపం చేతికి తీసుకుని పళ్ళ మీద బొటనవేలు పెట్టి చాలాసేపు చూశాడు. "ఎక్కడ పెడతావ్ దీన్ని?" అని అడిగాడు.

రంపం లాక్కున్నాను. తీసుకెళ్ళి అటక మీద, ఆయన చేతికి అందనంత ఎత్తున పెట్టాను. ఎందుకు పెట్టానో నాకు తెలుసు. రాయను.

ఆగస్టు 13

పిల్లలు వెళ్ళిపోయాక సెంటరు వెనక తుమ్మ దుంగ మీద పెట్టి కోశాను. తోస్తుంటే అట్టముక్కలా వంగిపోతోంది. ఇరుక్కుని రాదు. అరగంటకి వేలు మందం కూడా తెగలేదు.

ఆగస్టు 14

అసలు ఎందుకీ పిచ్చి నాకు.

ఆగస్టు 16, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. నాలుగింటికే లేచి గుమ్మం కడుగుతుంటే గడపకి లోపలి పక్క, ఎడమ మూలన సన్నటి పొడి కనపడింది. గోధుమరంగు పొడి. వేలితో తీసి చూశాను. చెక్క పొడే! పుచ్చు పట్టింది. ఇరవై ఏడేళ్ళలో చెద కూడా ముట్టని తుమ్మకి పుచ్చు! ఏడాదంతా ఇలాగే ఉంది మాకు, ఇదొక్కటి తక్కువైందా అని ఏడుపొచ్చింది. అక్కడే సన్నగా చీలిక లాంటిది కూడా ఉంది. కిరసనాయిలు పోసి, పైన దట్టంగా పసుపు మెత్తాను.

పూజ అయ్యాక ఈయనకి ప్రసాదం పెడుతుంటే కుడి అరచేతిలో బొబ్బలు. ఏంటివి అంటే, చక్రం తిప్పీ తిప్పీ వచ్చాయన్నాడు. మూడు గదుల ఇంట్లో ఎక్కడిదాకా తిప్పుతున్నాడో, చెన్నపట్నం దాకానా! కొబ్బరినూనె రాశాను.

ఆగస్టు 20

మంగళగిరి ఆఫీసులో పనిచేసే మా అమ్మాయి శ్రీదివ్య ఫోన్లో చూసి ఒక రంపం పంపింది. చాకులా మడత పడుతుంది. "అందరూ బాగుందని రాశారమ్మా" అంది. కొడవలిలా వంకరగా ఉంది. పచ్చి వేపకొమ్మని నాలుగు లాగుళ్ళలో తెంపేసింది గానీ ఎండు తుమ్మ మీద పెడితే పీకి పీకి పెడుతోంది. గోడ పక్కన ఆనించి నిటారుగా కోద్దామంటే ఆ వంకరకి కుదరదు.

బల్లకి గోడ పక్కన కోయాల్సిన పనేముందో నన్ను నేను అడగలేదు.

ఆగస్టు 22

శుభవార్త. ఈయన రోజూ మధ్యాహ్నం కుర్చీలోంచి నేల మీదకి దిగి ఎక్సర్‌సైజ్ చేస్తున్నాడట, వదిన చెప్పింది. గిన్నెలు తీసుకెళ్ళడానికి మళ్ళీ వస్తే వీధి గుమ్మం దగ్గర చెమటలు కక్కుతూ కూర్చుని ఉన్నాడట. "గాలి వస్తదని ఇక్కడ చేస్తున్నా అక్కా" అన్నాడట. డాక్టరు చెప్పి చెప్పి అలిసిపోయాడు, ఇన్నాళ్ళకి బుద్ధి వచ్చింది. పాయసం చేశాను.

ఆగస్టు 25, ఆదివారం

పెదకాకాని గుడికి వెళ్ళి, అటునుంచి అటే నాగూర్ వలి బాబాయ్ కొట్టానికి వెళ్ళాను. రెండు రంపాలూ సంచిలో వేసుకుని.

ఆయన నేల మీద కూర్చుని, బొటనవేలి కింద చెక్క తొక్కిపెట్టి కోస్తున్నాడు. నన్ను చూసి ఆపలేదు. "గడప సంగతైతే మళ్ళీ అడగొద్దమ్మా" అన్నాడు.

"గడప కాదు బాబాయ్. పూలకుండీలకి బల్ల చేస్తున్నాను. రంపం కుదరట్లేదు."

కోయడం ఆపి నా మొహంలోకి చూశాడు. కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "బల్లా! ఈ నెల్లో బల్ల సంగతి అడిగిన రెండో మనిషివి నువ్వు" అన్నాడు. ఊళ్ళో ఇంకెవరికి పట్టిందో ఈ పిచ్చి. ఎవరని అడిగితే ముసిముసిగా నవ్వి కళ్ళద్దాలు దించుకున్నాడు.

పసుపు పిడి రంపం తీసి పళ్ళు చూశాడు. "ఇది తోస్తే కోసేది. నుంచుని, పైనుంచి బరువేసి తొయ్యాలి. మీ బల్ల నేలబారున ఉంటది గదా, దాని మీద నుంచుని ఎట్టా తోస్తావ్?" పక్కన పడేశాడు. వంకర రంపం చూసి, "ఇది తోటమాలిది. మొండి తుమ్మకి పనికిరాదు" అని దాన్నీ పడేశాడు. తరవాత తన చేతిలో ఉన్న రంపాన్ని నా ముందు పెట్టాడు. మూరెడు పొడుగుంది. పల్చటి రేకు. చెక్క పిడి అరిగి అరిగి నున్నగా అయింది.

"ఇది లాగితే కోస్తది. మా తాతలంతా నేల మీద కూర్చుని లాగి కోసినోళ్ళే. తోస్తే రేకు వంగుద్ది, అందుకని తోసే రంపం మందంగా చెయ్యాలి. లాగితే సాగి నిలబడిద్ది, అందుకని పల్చగా ఉన్నా చాలు. పల్చగా ఉంటే తక్కువ చెక్క తింటది, తక్కువ బలం చాలు. కాళ్ళతో పనిలేదు దీనికి. చేతులుంటే చాలు."

ఎందుకో ఆ చివరి మాట రెండుసార్లు అన్నాడు.

ఒక తుమ్మ ముక్క నా ముందు పడేసి కోయమన్నాడు. చీర కుచ్చిళ్ళు దోపుకుని కూర్చున్నాను. బలంగా నొక్కి లాగాను. "నొక్కమాక! రంపం బరువు రంపం చూసుకుంటది. నువ్వు లాగు, అంతే" అని కసిరాడు. లాగాను. సర్రుమని దిగింది! రెండు వారాలు దుంగతో కుస్తీ పట్టిన దాన్ని, అరచేతి మందం తెగేదాకా ఆయాసం కూడా రాలేదు.

ఆకురాయి తీసి పళ్ళు ఒక్కొక్కటీ మళ్ళీ పదును పెడుతూ, నా వంక చూడకుండా మాట్లాడాడు. "మీ బల్ల అయిదంగుళాలే పైకి కనపడేది. ఇంకో నాలుగు భూమిలో ఉంది. నేనే పెట్టా గదా. ఒక్క కోతతో ఊడి రాదు. రెండు పక్కలా ద్వారబంధం మొదట్లో నేల దాకా కొయ్యి. తరవాత మధ్యలో రెండేసి అంగుళాలకి ఒక కోత. అప్పుడు ఉలి అడ్డంగా పెట్టి సుత్తితో కొడితే ముక్కలు ముక్కలుగా లేచొస్తది. భూమిలో సగం అట్టాగే ఉంటది. నవధాన్యాలు, రాగి పైసా, అన్నీ దాని కిందే ఉంటయ్యి. ఎవరన్నా అడిగితే తీసెయ్యలేదు, అణిగింది అని చెప్పు."

నేను ఏడుస్తున్నాను. ఆయన ఆకురాయి ఆపలేదు.

"బల్ల గురించే చెప్తున్నానమ్మా నేను" అన్నాడు, ఆ రంపం నా సంచిలో పెడుతూ.

ఆగస్టు 28

ఇరవై కోతలు. మూడు వంకర. అదే సెంటరు వెనక దుంగ.

ఆగస్టు 30, శుక్రవారం

ఎడమ మూలన మళ్ళీ పొడి. మళ్ళీ కిరసనాయిలు, మళ్ళీ పసుపు. పసుపు డబ్బా కూడా తొందరగా అయిపోతోంది ఈ మధ్య.

సెప్టెంబరు 3

ఇరవై కోతలు. ఒకటి వంకర.

సెప్టెంబరు 6, శుక్రవారం

పొడి లేదు. కిరసనాయిలు పనిచేసింది. ఈయన మాత్రం నాలుగు రోజులుగా ముభావంగా ఉన్నాడు. నేల మీదకి దిగడం కూడా మానేశాడట. రేపు వినాయకచవితి, ఉండ్రాళ్ళు ఎన్ని చేయమంటారు అంటే "నీ ఇష్టం" అని గోడ వైపు తిరిగాడు.

సెప్టెంబరు 13, శుక్రవారం

రేపు రెండో శనివారం, సెంటరు లేదు. వదిన పెళ్ళిచూపులకని వినుకొండ పోతోంది, ఎల్లుండి గానీ రాదు. రేపు భోజనాలయ్యాక ఈయన పడుకుంటాడు.

పసుపు రాస్తుంటే చేతులు ఆగిపోయాయి. ఇదే ఆఖరిసారి అనుకుంటే చెప్పలేని భయం. ఆయనకేమన్నా అయితే? వదిన అన్నదే నిజమైతే? మరి ఇలాగే ఉంచితే మాత్రం ఆయన ఏమైపోతున్నాడు? కళ్ళ ముందు కనపడట్లా?

రేపు బల్ల మొదలుపెడతాను. ఛీ, ఇంకా బల్లేంటి. గడప. రేపు గడప కోస్తాను.

సెప్టెంబరు 14, శనివారం

ఎలా రాయాలో తెలియట్లేదు.

పక్కనే మధ్యగదిలో మంచం మీద గురక వినపడ్డాక రంపం తీసుకుని గుమ్మం దగ్గర కూర్చున్నాను. దణ్ణం పెట్టుకున్నాను. బంధం మొదట్లో గీత గీయాలి కదా అని ఎడమ మూలన పసుపు తడిగుడ్డతో తుడిచాను. తుడిస్తే చీలిక కనపడింది. పుచ్చు చీలిక. మేకు పెట్టి గెలికితే తెల్లగా ఏదో ఊడొచ్చింది. సబ్బు! బట్టల సబ్బు ముద్ద చేసి కూరి ఉంది. ఇంకా గెలికాను. ఊడొస్తూనే ఉంది. అంతా వచ్చాక చూస్తే, తిన్నగా, నిటారుగా, బంధం పక్కనే రెండంగుళాల లోతు కోత. అడుగున విరిగిన ఇనుప ముక్క ఇరుక్కుని ఉంది.

పుచ్చుపురుగు తిన్నగా కొయ్యదు కదా.

ఎవరో మా గడప కోశారు! పగవాళ్ళెవరో, చేతబడి చేయించారు, అందుకే ఈయన పడ్డాడు, అందుకే ఇదంతా. వదిన మొహం కూడా కళ్ళ ముందు మెదిలింది, పాపం, ఆవిడ అన్నం పెట్టిన చెయ్యి. నేను ఇరవై ఏడేళ్ళు పసుపు రాసిన గడప. ఆ కోతలోకి కూడా నా చేత్తోనే పసుపు మెత్తాను.

"అది పుచ్చు కాదులే పార్వతీ."

వెనక్కి తిరిగాను. ఈయన మంచం అంచున మోచేతుల మీద లేచి చూస్తున్నాడు. గురకా లేదు, నిద్రా లేదు.

"ఎవరండీ? ఎవరు చేశారండీ ఇది?"

"నేనే."

నేను వినలేదనుకుని మళ్ళీ అన్నాడు. "నేనేనే. మోటారు పైపులు కోసే హ్యాక్సా బ్లేడు ఉంది గదా, మంచం కింద పనిముట్ల పెట్టెలో. దానికి గుడ్డ చుట్టి కోశా. పైపుల బ్లేడుకి తుమ్మ తెగుద్దా? పొడి ఇరుక్కుపోతది. రోజుకి గోరంత. కోత కనపడకుండా సబ్బు కూరి, పైన నీ పసుపే మెత్తేవాణ్ణి. పోయిన వారం అది కూడా విరిగింది. వలి బాబాయ్ ఫోన్లో చెప్తూనే ఉన్నాడు, ఆ బ్లేడు చెక్కకి కాదురా అని."

బల్ల సంగతి అడిగిన మొదటి మనిషి! ఎక్సర్‌సైజ్. బొబ్బలు. పసుపు డబ్బా. నేను పాయసం చేసి పెట్టాను కూడా!

"మరి ఆ రోజు ఊరంతా వినపడేట్టు నా మీద అరిచారెందుకు?"

తల దించుకున్నాడు. "నువ్వు కోస్తే నీ పసుపుకుంకాలు నువ్వే కోసుకున్నట్టని మా ఇళ్ళల్లో ముందునుంచీ అనేదే గదా, అక్క కూడా అదే అంది. నా గడప నేను కోసుకుంటే ఆ పాపం నాదే అవుద్ది, నీ దాకా రాదు గదా అని."

కోపం ఎక్కడ్నించి వచ్చిందో నాకే తెలియదు. రంపం ఎత్తి మరీ అడిగాను. "మీరు కోసుకుని మీకేమన్నా అయితే పోయేది ఎవరి పసుపుకుంకాలండీ? పక్కింటావిడవా?"

ఈయన తల గోక్కున్నాడు. "అవును గదే. అది తట్టలా నాకు" అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. ఆయనకీ ఆగలేదు. మార్చి తరవాత ఈ ఇంట్లో నవ్వడం ఇదే. నవ్వుతూ నవ్వుతూనే అన్నాడు, "ఆ రంపం నా చేతికి అందకుండా అటకెక్కించావ్. నేనేదో చేసుకుంటాననే గదా?" అని. నవ్వు ఆగిపోయింది. అవునని తలూపాను. "నలుగురు మోసే మాట అనకుండా ఉండాల్సింది. రంపం అటకెక్కించేప్పుడు నీ మొహం చూశాక తెలిసింది నాకు. అప్పుడే పెట్టె తీశా" అన్నాడు.

మంచం పక్కన కూర్చుని ఏడ్చాను. ఆయన నా చేతిలోంచి రంపం తీసుకుని పళ్ళ మీద బొటనవేలు పెట్టి చూశాడు.

"లాగితే కోసేదా?" అన్నాడు.

"కాళ్ళతో పనిలేదట. చేతులుంటే చాలట."

సెప్టెంబరు 15, ఆదివారం

తెల్లారగానే మొదలుపెట్టాం. ఆయన లోపల నేల మీద, నేను బయట అరుగు మీద, మధ్యలో గడప. మొదటి కోత ఎవరిదని మళ్ళీ గొడవ. పాపం నాదంటే నాదని! చివరికి ఇద్దరం పిడి పట్టుకుని ఒకసారి లాగాం. అక్కడ్నించి ఆయన అలిసిపోతే నేను, నేను అలిసిపోతే ఆయన. నాలుగు నెలలు చక్రాలు తిప్పిన చేతులు కదా, ఆయన లాగితే పొట్టు జలజలా రాలుతోంది. నాకంటే తిన్నగా కోస్తున్నాడు. నేను ఇన్నాళ్ళు నేర్చుకున్నది ఆయన గంటలో పట్టేశాడు. నాకు కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది.

పదింటికి వినుకొండ బస్సు దిగి వదిన సంచితో రోడ్డు మీద నిలబడింది. మేము చూడలేదు. ధబ్బుమని సంచి పడిన చప్పుడికి తలెత్తాను. గుండెల మీద చెయ్యేసుకుని "ఓరి నాయనో! ఓరి నా తమ్ముడో!" అని మొదలుపెట్టింది.

"అక్కా, కొంచెం పక్కకి జరుగు. పొట్టు కళ్ళల్లో పడిద్ది" అన్నాడు ఈయన, రంపం ఆపకుండా.

వదిన అరుగు చివర కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తమ్ముడి చేతుల వంకే చూస్తూ ఏడ్చింది. కాసేపటికి లేచి వాళ్ళింటికి పోయింది. ఇక ఈ గుమ్మం తొక్కదు అనుకున్నాను. చీపురుతో తిరిగొచ్చింది. పొట్టు ఊడ్చింది.

మధ్యాహ్నం మూడింటికి ఉలి దెబ్బకి మొదటి ముక్క టప్పుమని లేచింది. ఇరవై ఏడేళ్ళ పసుపు పైన, లోపల నల్లటి చేవ. సాయంత్రానికి గడప నేల మట్టానికి దిగింది, కానీ ఎగుడుదిగుడుగా ఉంది. అప్పుడు వచ్చాడు నాగూర్ వలి బాబాయ్, చిత్రిక సంచిలో పెట్టుకుని. ఎవరూ పిలవలేదు.

"నేను గడప కొయ్యడానికి రాలేదు. బల్ల నునుపు చెయ్యడానికి వచ్చా" అన్నాడు. అరచేత్తో తడిమి తడిమి చిత్రిక పట్టాడు. పోయేటప్పుడు రంపం ఇవ్వబోతే ఉంచుకోమన్నాడు. ముక్కలన్నీ పసుపు గుడ్డలో కట్టాను. ఒకటి మాత్రం ఈయన తీసుకున్నాడు, కుర్చీ దొర్లకుండా చక్రం కింద అడ్డు పెట్టుకోవడానికి.

కుర్చీని బయటికి తోస్తానంటే ఇవాళ వద్దన్నాడు. రేపు చూద్దాం అన్నాడు. భయపడుతున్నాడని నాకు అర్థమైంది. నాకూ భయమే.

సెప్టెంబరు 18

అరుగు దాకా వచ్చాడు. రోడ్డు చూసి వెనక్కి తిప్పుకున్నాడు.

సెప్టెంబరు 20, శుక్రవారం

పొద్దున పసుపు కలిపి గుమ్మం దగ్గర కూర్చున్నాను. ఒంగి రాయాలి ఇప్పుడు, నేలకి రాసినట్టు. నాలుగంగుళాల పట్టీ, అంతే కనపడేది. దట్టంగా రాసి, బొట్లు పెట్టడానికి కుంకుమ కోసం వంటింట్లోకి వెళ్ళాను. పాలు పొంగుతుంటే దించాను, ఇంకో నాలుగు నిమిషాలు అయ్యుంటుంది.

తిరిగొస్తే కుర్చీ లేదు. మనిషి లేడు.

"ఏవండీ" అని పిలిచాను. మధ్యగదిలో లేడు. పెరట్లో లేడు. మంచం కిందకి కూడా వంగి చూశాను, నా మతి చూడండి. ఈ ఇల్లు ఇంత ఖాళీగా నేనెప్పుడూ చూడలేదు. చక్రం కింద పెట్టుకునే గడప ముక్క ఒక్కటే నేల మీద పడుంది. వదిన మాటే నిజమైందా, కోసి వారం కూడా తిరగలేదే అనుకున్నాను.

అప్పుడు చూశాను గుమ్మం. నేను రాసిన తడి పసుపు మీద రెండు చక్రాల గాడులు. అక్కడ్నించి అరుగు మీద రెండు పసుపు గీతలు. అరుగు దాటి, రోడ్డు మీదకి దిగి, తిన్నగా కొంతదూరం పోయి, ఎడమకి తిరిగాయి.

చేతిలో కుంకుమ భరిణె తోటే పరిగెత్తాను. గీతలు నాలుగిళ్ళ దాకా ఉండి చెరిగిపోయాయి. ఇంక గీతలతో పనిలేదు, గొంతు వినపడుతోంది. వెంకయ్య టీకొట్టు దగ్గర నలుగురిలో కూర్చుని, ఈ ఏడు తెల్లదోమకి ఏ మందు కొట్టాలో చేతులు తిప్పుతూ వాదిస్తున్నాడు. ఏ నలుగురూ మోయలేదు ఆయన్ని అక్కడికి. నేను కూడా తోయలేదు.

నన్ను చూసి, "ఏంటే, ఇల్లు వదిలేసి వచ్చావ్? తలుపన్నా వేశావా?" అన్నాడు.

"చెప్పి రావాలని తెలియదా మనిషికి?" అని నలుగురిలో అరిచేశాను. ఆయన నవ్వి గ్లాసు ఎత్తి చూపించాడు. వచ్చేశాను. గుమ్మంలో కూర్చుని, చక్రాల గాడులు తుడవకుండా, పక్కన మిగిలిన చోట బొట్లు పెట్టాను.

పన్నెండింటికి వస్తానని వెంకయ్య చేత కబురు పంపాడు. రెండింటికి గానీ రాలేదు మహానుభావుడు. అన్నం చల్లారిపోయింది. అదే పెట్టాను.